బ్రెగ్జిట్ మీద వాదన పడిందా, ముందు పుట్టి ఎంతో తేల్చుకోండి

మా కావలిలో సాయంత్రం ఆరు దాటాక ట్రంకు రోడ్డు పక్కన టీ బంకు దగ్గర నలుగురం చేరితే, మాట వానల దగ్గర మొదలైనా కరెంటు బిల్లు దగ్గర మొదలైనా చివరికి ఇంగ్లండులో తేలుతుంది. తప్పదు మరి. ఆ నలుగురిలో ఇద్దరి పిల్లలు అక్కడే ఉన్నారు. ఒకాయన రొయ్యల గుంటలు చేస్తాడు కాబట్టి డాలరు, పౌండు రేట్లు ఆయన నోటిమీదే ఉంటాయి. ఇంకొకాయన రిటైరైన సోషల్ మాస్టారు, పేపరు మడిచి చంకలో పెట్టుకుని వస్తాడు. యూరప్ యూనియన్ నుంచి విడిపోయి (బ్రెగ్జిట్ అంటే అదే) వాళ్ళు బాగుపడ్డారా చెడిపోయారా, మనవాళ్ళకి మంచి జరిగిందా లేదా, ఈ ఒక్క ప్రశ్న మీద ఎన్ని గ్లాసుల టీ అయిందో లెక్క లేదు. నేను ఈ వాదనల్లో చాలాసార్లు చిత్తుగా ఓడిపోయాను. ఎందుకు ఓడిపోయానా అని ఇంటికెళ్ళి ఆలోచించుకుంటే కొన్ని సంగతులు తెలిసొచ్చాయి. మీకూ ఓ మేనల్లుడు లెస్టర్‌లోనో కోవెంట్రీలోనో ఉండి, పెళ్ళి పందిట్లో ఇదే గొడవ నడుస్తుంటే పనికొస్తాయని రాస్తున్నా.

మొదట తేదీలు గట్టిగా పట్టుకోండి. జనం ఓటేసింది 2016 జూన్ 23న. వెళ్ళిపోదామన్నవాళ్ళు 51.9 శాతం, ఉందామన్నవాళ్ళు 48.1 శాతం. నిజంగా బయటికొచ్చింది 2020 జనవరి 31న. వచ్చాక కూడా పదకొండు నెలలు పాత రూల్సే నడిచాయి, కొత్త వీసా పద్ధతి, సరుకుకి కాగితాల గొడవ మొదలైంది 2021 జనవరి 1 నుంచి. నా పరువు పోయింది ఇక్కడే. 2018లో మా పక్క వీధి కుర్రాడికి వీసా రాలేదు, అది బ్రెగ్జిట్ దెబ్బేనని పెద్ద మాట అనేశా. మాస్టారు గ్లాసు కింద పెట్టి, "అప్పటికి వాళ్ళు ఇంకా యూనియన్‌లోనే ఉన్నారు కదబ్బాయ్, పైగా మన వీసాలు ఎప్పుడూ లండన్ చేతిలోవే, యూనియన్ ఆఫీసులున్న బ్రస్సెల్స్‌కి ఏం సంబంధం" అన్నాడు. ఆ రోజు ఇక నోరెత్తలేదు. అప్పటి నుంచి ఎవరేమన్నా "అది జరిగిందెప్పుడు మామా" అని అడగడం అలవాటు చేసుకున్నా. పౌండు ఓటు పడిన మర్నాడే డాలరు ముందు 31 ఏళ్ళలో లేనంత కిందికి దిగింది, అప్పటికి ఒక్క రూలు కూడా మారలేదు, ముందేమవుతుందోనన్న టెన్షన్‌తోనే దిగింది. 2022 సెప్టెంబరులో మళ్ళీ కుదేలైంది చూశారా, అది లిజ్ ట్రస్ ప్రభుత్వం అప్పు తెచ్చి పన్నులు తగ్గిస్తానన్నందుకు. దాన్ని కూడా బ్రెగ్జిట్ ఖాతాలో రాసేవాళ్ళుంటారు, రాయనివ్వకండి.

తర్వాత పుట్టి సంగతి. మా జిల్లావాళ్ళకి చెప్పక్కర్లేదు, బయటివాళ్ళ కోసం చెబుతున్నా. నెల్లూరు వైపు వడ్లు పుట్టి లెక్కన అమ్ముతారు, పుట్టి అంటే 850 కిలోలు. వ్యాపారి కళ్ళంలోకి వచ్చి పుట్టికి మంచి రేటే చెబుతాడు, మనం సరేనంటాం, తీరా కాటా దగ్గరికొచ్చేసరికి తేమ ఉందని, తాలు ఉందని పుట్టికి ఇంకొన్ని కిలోలు లాగేస్తాడు. రేటు అబద్ధం కాదు, పుట్టి అబద్ధం. బ్రెగ్జిట్ అంకెల్లో చాలావాటికి ఇదే జబ్బు. వారానికి 35 కోట్ల పౌండ్లు యూరప్‌కి పంపుతున్నామని, ఆ డబ్బు ఆస్పత్రులకి పెట్టుకోవచ్చని వెళ్ళిపోదామన్నవాళ్ళు ఎర్ర బస్సు మీద రాసుకుని తిరిగారు కదా, ఆ అంకె గాల్లోంచి పుట్టింది కాదు. కాకపోతే ప్రధాని థాచర్ కాలం నుంచి బ్రిటన్‌కి ఒక రాయితీ ఉండేది, ఆ డబ్బు అసలు లండన్ గడప దాటేదే కాదు, దాన్ని తీసెయ్యలేదు. అక్కడి రైతులకీ వెనకబడిన ప్రాంతాలకీ తిరిగొచ్చే సొమ్మూ తీసెయ్యలేదు. అవన్నీ పోనిస్తే తేలేది సగం లోపే.

ఉందామన్నవాళ్ళూ తక్కువేం తినలేదు. అప్పటి ఆర్థిక శాఖ, విడిపోతే ఒక్కో కుటుంబానికి ఏడాదికి 4,300 పౌండ్ల నష్టమని చెప్పింది. అది జేబులోంచి పోయే డబ్బని జనం అనుకున్నారు. నిజానికి అది 15 ఏళ్ళ తర్వాత జీడీపీ ఎంత తక్కువుంటుందో అంచనా వేసి, దాన్ని ఇళ్ళ సంఖ్యతో భాగించిన లెక్క. ఓటు వేస్తే చాలు వెంటనే మాంద్యం వస్తుంది, దాదాపు 5 లక్షల మంది పని పోగొట్టుకుంటారని ఇంకో లెక్క వేశారు, అది జరగనే లేదు. మీరు ఏ పక్షమైనా సరే, మీ పక్షంవాళ్ళ తప్పుడు పుట్టి ఒకటి ముందుగా మీరే ఒప్పేసుకోండి. ఎదుటాయన సగం చల్లబడతాడు. నేను చూశా.

ఇక వలస. ఈ మాట రాగానే "ఏ వలస?" అని అడగాలి. బ్రిటన్‌కి రెండు కుళాయిలున్నాయనుకోండి. ఒకటి యూనియన్ దేశాలవాళ్ళది, వీసా లేదు, ఏమీ లేదు, పోలండ్ నుంచి బస్సెక్కి దిగి పనిలో చేరిపోవడమే. 2004లో తూర్పు యూరప్ దేశాలు ఎనిమిది చేరినప్పుడు బ్రిటన్, ఐర్లండ్, స్వీడన్ మొదటి రోజు నుంచే తలుపులు తీశాయి, మిగతా పాత దేశాలు ఆగాయి. ప్రభుత్వం కోసం వేసిన అంచనా ప్రకారం బ్రిటన్‌కి ఏడాదికి 5 వేల నుంచి 13 వేల మంది రావాలి, వచ్చింది దానికి ఎన్నో రెట్లు. జనానికి సర్కారు మాట మీద నమ్మకం పోయిన చోటు ఇదే, ఎవరేమనుకున్నా నాకు అట్టాగే అనిపిస్తుంది. రెండో కుళాయి మనలాంటివాళ్ళది, దానికి ఎప్పుడూ వీసా ఉంది, స్పాన్సరు ఉన్నాడు, ఫీజులున్నాయి.

2021లో మొదటి కుళాయి కట్టేశారు. అదే చేత్తో రెండోదాన్ని వదులు చేశారు. పని వీసాలకి ఏడాదికి 20,700 అని ఒక పరిమితి ఉండేది, దాన్ని ఎత్తేశారు. డిగ్రీ స్థాయి ఉద్యోగమే కావాలన్న షరతు తగ్గించారు. చదువైపోయాక రెండేళ్ళు ఉండి పని వెతుక్కునే గ్రాడ్యుయేట్ రూట్ అదే ఏడాది జూలైలో తెరిచారు. 2022 ఫిబ్రవరిలో ముసలివాళ్ళని చూసుకునే కేర్ పనివాళ్ళని కూడా జాబితాలో చేర్చారు. ఉక్రెయిన్ యుద్ధం నుంచి వచ్చినవాళ్ళు, హాంకాంగ్ నుంచి వచ్చినవాళ్ళు సరేసరి. ఓటుకి ముందు ఏడాదికి నికరంగా 3 లక్షల 30 వేల దగ్గర ఉన్న వలస, 2022-23 నాటికి 9 లక్షలు దాటింది. వచ్చినవాళ్ళలో మొదటి వరసలో ఉన్నది మనవాళ్ళే. తగ్గిస్తామని ఓట్లు అడిగి మూడింతలు చెయ్యడమంటే మాటలా!

ఇక్కడ మా బావలాంటివాళ్ళు "చూశావా, బ్రెగ్జిట్ వల్లే వలస పెరిగింది" అని తొడ కొడతారు. కొట్టనివ్వండి, తర్వాత నెమ్మదిగా అడగండి, బ్రెగ్జిట్ పెంచిందా, బ్రెగ్జిట్ తర్వాత అక్కడి ప్రభుత్వం పెంచిందా అని. రెండో కుళాయి ఎప్పుడూ వాళ్ళ చేతిలోదే, యూనియన్‌లో ఉండగానే ఎంత కావాలంటే అంత తిప్పుకోవచ్చు. తిప్పారు, జనం తిట్టారు, మళ్ళీ బిగించారు. 2024 జనవరి నుంచి మాస్టర్స్ చదివే పిల్లలు భార్యనో భర్తనో తీసుకెళ్ళడానికి లేదు, మార్చి నుంచి కేర్ పనివాళ్ళకీ లేదు, ఏప్రిల్‌లో పని వీసాకి ఉండాల్సిన కనీస జీతం హద్దు ఏడాదికి 38,700 పౌండ్లకి ఎక్కింది, 2025 జూలైకి 41,700 అయింది, కేర్ పనికి బయటి దేశాల నుంచి కొత్తవాళ్ళని తీసుకోవడమే ఆపేశారు. 2025 మధ్యకి నికర వలస 2 లక్షల దగ్గరికి పడిపోయింది. ఈ అంకెల్ని వాళ్ళ గణాంకాల ఆఫీసు తర్వాత తర్వాత సవరిస్తుంటుంది, అందుకని చివరి వేల దాకా పట్టుకుని పంతానికి పోవద్దు. నికరం అంటే వచ్చినవాళ్ళలోంచి పోయినవాళ్ళని తీసేస్తే మిగిలేది, అందులో చదువుకోడానికి వెళ్ళిన పిల్లలు కూడా ఉంటారని గుర్తుంచుకుంటే చాలు.

జీతాల దగ్గరికొస్తే మన జిల్లాల్ని చూపించడం కన్నా మంచి దారి నాకు దొరకలేదు. లింకన్‌షైర్‌లో బోస్టన్ అని చిన్న ఊరుంది, చుట్టూ క్యాబేజీ, కాలీఫ్లవర్ పొలాలు. తూర్పు యూరప్ నుంచి కూలికి వచ్చినవాళ్ళతో కొద్ది ఏళ్ళలో ఊరి రూపే మారిపోయింది. బ్రిటన్ మొత్తంలో వెళ్ళిపోదామని ఎక్కువ శాతం ఓటేసింది ఆ ఊరే, 75.6 శాతం. వాళ్ళని మూర్ఖులనేముందు మన రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంట్లు గుర్తు చేసుకోండి. ఒడిశా పిల్లలు వచ్చి ఒక్కో రూములో ఎనిమిది మంది ఉండి షిఫ్టులు చేస్తారు. చీమకుర్తి క్వారీల్లో హిందీ వినిపిస్తుంది. వాళ్ళొచ్చి మన కూలి తగ్గించారని అనేవాళ్ళు మన మధ్యే ఉన్నారు, పూర్తిగా తప్పు అనలేం, రొయ్య తల తీసే పని ముందు నుంచీ చేస్తున్న ఆడవాళ్ళని అడిగితే వాళ్ళ లెక్క వాళ్ళు చెబుతారు. కానీ ఆ పిల్లలకి అన్నం వండే మెస్‌లు పెట్టింది ఎవరు? రూములు కట్టి అద్దెకిచ్చింది ఎవరు? పనివాళ్ళు దొరకరంటే ఆ ప్లాంటు ఇక్కడ పెట్టేవాడా? పని అనేది సంగటి ముద్ద కాదు, ఒకడు తింటే ఇంకొకడికి తగ్గడానికి. ఇంకో పక్క కనిగిరి, పామూరు వైపు నుంచి మనవాళ్ళే బేల్దారి పనికి బెంగళూరు, హైదరాబాద్ పోతున్నారు, అక్కడ మనం ఒడిశావాళ్ళం.

బ్రిటన్‌లో వలసల మీద ప్రభుత్వానికి సలహా ఇచ్చే కమిటీ 2018లో చెప్పింది కూడా దాదాపు ఇదే. మొత్తం మీద జీతాల మీద ప్రభావం తక్కువ, అడుగున ఉన్న కూలీలకి కొంచెం దెబ్బ, పైనున్నవాళ్ళకి కొంచెం లాభం, యూరప్ నుంచి వచ్చినవాళ్ళు తీసుకునేదాని కన్నా కట్టే పన్నే ఎక్కువ. అందుకని "వలస మంచిదా చెడ్డదా" అని అడిగేవాడికి జవాబు చెప్పకండి, "ఎవరికి?" అని తిరిగి అడగండి. బోస్టన్‌లో అద్దె కట్టేవాడి జవాబూ, అద్దెకిచ్చేవాడి జవాబూ ఒకటి కావు.

ఆర్థికం సంగతి రొయ్యలాయన నేర్పాడు నాకు. ఆయన రెండు గుంటల్లో ఒకే రోజు సీడ్ వేశాడు, ఒకదాంట్లో మేత మార్చాడు. నెల తర్వాత రెండింట్లోనూ కౌంట్ (కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయన్న లెక్క) అంతంతమాత్రమే. కొత్త మేత పనికిరాదని నేనన్నా. ఆయన నవ్వి, "పక్క గుంట చూడు, అది కూడా అట్టాగే ఉంది, ఈసారి ఎండలు అట్టా పడ్డాయి. ఈ గుంట ఆ గుంట కన్నా ఎంత వెనకబడిందో చూడాలి గానీ, పోయిన పంటతో పోలిస్తే ఏం తెలుస్తుంది" అన్నాడు. బ్రెగ్జిట్ లెక్క కూడా అంతే. బయటికొచ్చిన ఏడాదే కోవిడ్ పడింది, తర్వాత ఉక్రెయిన్ యుద్ధంతో గ్యాస్ ధరలు పేలాయి, 2022 అక్టోబరులో వాళ్ళ ద్రవ్యోల్బణం 11.1 శాతం. ఇవి జర్మనీనీ తాకాయి, ఫ్రాన్స్‌నీ తాకాయి. అందుకే ముందు ఎంత, ఇప్పుడెంత అని పోల్చితే ఏమీ తేలదు, ఉండిపోయి ఉంటే ఎంత ఉండేదో అంచనా వెయ్యాలి. అది కంటికి కనిపించని గుంట, అదే చిక్కు. వాళ్ళ బడ్జెట్ లెక్కలు చూసే ఓబీఆర్ అనే సంస్థ, యూనియన్‌లో ఉండి ఉంటే ఉండేదానికన్నా దేశ ఉత్పాదకత దీర్ఘకాలంలో 4 శాతం తక్కువ ఉంటుందని లెక్క కట్టింది. ఒకేసారి కూలిపోవడం కాదు, ఏళ్ళ తరబడి కొంచెం కొంచెంగా వెనకబడటం. దీన్ని పట్టుకుని "నాలుగు శాతం పడిపోయింది" అనే మేధావులు దొరుకుతారు, వాళ్ళని పక్క గుంట దగ్గరికి తీసుకెళ్ళండి.

సుంకం లేదు కదా, ఇంక నష్టమేంటని ఇంకో మాట వస్తుంది. నిజమే, యూనియన్‌తో చేసుకున్న ఒప్పందంలో సుంకాలు లేవు, కోటాలు లేవు. కానీ కాగితాలున్నాయి, సరుకు ఎక్కడ పుట్టిందో రుజువులున్నాయి, తనిఖీలున్నాయి. దీన్ని మన వైపు ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు. మన చెరువు రొయ్యల కన్‌సైన్‌మెంట్లలో సగం యాంటీబయాటిక్ పరీక్షకి ఆపాలని యూరప్ 2016 నుంచి రూలు పెట్టుకుంది, కంటైనర్ రేవులో ఒక్కో రోజు ఆగితే అయ్యే ఖర్చు ఎగుమతిదారుకి తెలుసు, ఆ ఖర్చు చివరికి గుంట గట్టు మీద రేటులో ఎట్టా కోత పడుతుందో రైతుకీ తెలుసు.

బ్రెగ్జిట్ పక్షానికి ఒక గట్టి పాయింటు ఇక్కడే ఉంది, మీరు అవతలి పక్షమైతే దీనికి సిద్ధపడి వెళ్ళండి. 2025 జూలై 24న మన దేశం, బ్రిటన్ వ్యాపార ఒప్పందం మీద సంతకాలు చేశాయి, దాని ప్రకారం మన ఎగుమతుల్లో 99 శాతం రకాలకి సుంకం ఉండదు, అందులో రొయ్యలూ ఉన్నాయి. యూనియన్‌లో ఉండి ఉంటే బ్రిటన్ ఇట్టా విడిగా ఒప్పందం చేసుకునే వీలే లేదు. అదే ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకం 50 శాతానికి ఎక్కించేసరికి మా రొయ్యలాయనకి ఇంగ్లండు మీద ప్రేమ పొంగిపోయింది, ఆ వారం టీ డబ్బులు కూడా ఆయనే ఇచ్చాడు. జవాబు కావాలంటే తూకం ఉంది. ఈ ఒప్పందం వల్ల దీర్ఘకాలంలో ఏడాదికి 480 కోట్ల పౌండ్లు కలిసొస్తాయని బ్రిటన్ ప్రభుత్వమే చెప్పుకుంది, అది వాళ్ళ జీడీపీలో 0.1 శాతం చిల్లర. ఆ పక్కన 4 శాతం పెట్టి చూపించండి. మనకి లాభమవడం వేరు, వాళ్ళకి సరిపోవడం వేరు.

అంకెలతో గెలవలేని వాదన ఒకటుంది, దాని జోలికి అంకెలు తీసుకెళ్ళకండి. "నష్టమైతే అయింది, మా చట్టాలు మేమే చేసుకుంటాం" అనేవాడికి మీ 4 శాతం చెవికెక్కదు. ఎక్కాల్సిన పనీ లేదు. మన జిల్లా పేరులోనే పొట్టి శ్రీరాములు ఉన్నాడు. 1952 డిసెంబరు 15న ఆయన ప్రాణం పోయింది, 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చింది, మదరాసు నగరం రాలేదు, రాజధాని లేక కర్నూలులో డేరాలు వేసుకున్నారు. లాభనష్టాలు కూడి చూసి ఎవరూ అడగలేదు దాన్ని. కాబట్టి ఆ మాట అన్నవాణ్ణి గౌరవించండి, నష్టం ఉందని మాత్రం వాడి నోటితో ఒప్పించండి, అంతవరకే మీ పని. అయితే ఈ పోలికని ఎదుటివాళ్ళు ఇంకా లాగుతారు, 2014 దాకా తీసుకొస్తారు, అక్కడ ఆపేయండి. మదరాసు నుంచి విడిపోయినా ఈరోజుకీ నెల్లూరువాళ్ళు గుండె నొప్పంటే చెన్నై రైలెక్కుతారు, సూళ్ళూరుపేట దాటాక ఎవరూ పాస్‌పోర్టు అడగరు. లండన్‌వాడికి ప్యారిస్‌లో ఉద్యోగం చేసే హక్కే పోయింది. రాష్ట్రం విడిపోవడానికీ దీనికీ తేడా అక్కడుంది.

"మనవాళ్ళు పోయి అక్కడ ఉచిత వైద్యం తింటున్నారు" అని మనవాళ్ళే అంటుంటారు, అదో విడ్డూరం. చాలా రకాల వీసాలకి, తీసుకునేటప్పుడే ఆస్పత్రి సర్‌చార్జి కట్టించుకుంటారు, 2024 ఫిబ్రవరి నుంచి ఏడాదికి 1,035 పౌండ్లు, చదువుకునే పిల్లలకి 776. ఎన్నేళ్ళ వీసా అయితే అన్నేళ్ళదీ ముందే కట్టాలి. ఉద్యోగం వచ్చాక పన్ను మామూలే.

ఒంగోలు వైపు మా బంధువుల అమ్మాయి నర్సింగ్ చదివి 2023లో కేర్ వీసా మీద వెళ్ళింది. స్పాన్సర్‌షిప్ కాగితానికి పనివాళ్ళ దగ్గర డబ్బు తీసుకోకూడదని అక్కడి రూలు, ఇక్కడి ఏజెంటు 14 లక్షలు తీసుకున్నాడు, అందులో సగం వడ్డీకి తెచ్చిందే. వెళ్ళాక వారానికి పది పన్నెండు గంటల పనే ఇచ్చారు. ఏడాది తిరక్కముందే ఆ యజమాని లైసెన్సు రద్దయిందని, 60 రోజుల్లో వేరే స్పాన్సర్‌ని చూసుకోకపోతే తిరిగి వెళ్ళాలని ఉత్తరం. వాళ్ళ నాన్న ఆ ఉత్తరాన్ని ఫోన్‌లో పెద్దది చేసి మాస్టారి చేత చదివించుకున్నాడు, ఒకే వాక్యాన్ని మూడుసార్లు. 2022 జూలై నుంచి 2024 చివరికి కేర్ రంగంలో 470కి పైగా స్పాన్సర్ లైసెన్సులు ఆపేశారు లేదా రద్దు చేశారు, కాబట్టి ఆ అమ్మాయి ఒక్కతే కాదు. అప్పటి నుంచి మా బంకు దగ్గర వలసని కుళాయిలతో పోల్చేటప్పుడు నాకు నోరు కొంచెం తడబడుతుంది.

అందుకే మర్యాద సంగతి కూడా చెబుతా. పిల్లలు అక్కడున్న తండ్రి ఎదురుగా "ఇంక అందర్నీ పంపించేస్తారంట" అని ఊరికే అనకండి, రూలు మారితే ఏ నెలలో, ఎవరికి మారిందో తెలిసే మాట్లాడండి. పెద్దవాళ్ళతో "మీకు తెలీదు మామా" అనడం కన్నా "ఇది ఎక్కడ చూశారు మామా" అనడం నయం, చూసిన చోటు వాళ్ళకే గుర్తుండదు, అక్కడితో వాదన మెత్తబడుతుంది. కళ్ళెదుట మనిషుండగా మూడో మనిషి గురించి మాట్లాడినట్టు మాట్లాడకండి. అక్కడున్నవాడు ఫోన్ చేస్తే స్పీకరు పెట్టి వాణ్ణే అడగండి.

మేమూ మొన్న అదే చేశాం. బావ కొడుకు కోవెంట్రీ నుంచి ఫోన్ చేశాడు. మాస్టారు ఫోన్ లాక్కుని, "ఏం నాయనా, విడిపోవడం మంచిదైందా కాదా, ఒక్క ముక్కలో చెప్పు" అన్నాడు. వాడు కాసేపు ఆలోచించి, "నేనొచ్చేసరికే విడిపోయున్నారు కదా తాతయ్యా, ముందెట్టా ఉండేదో నాకేం తెలుసు. రూము అద్దె మాత్రం మళ్ళీ పెంచాడు" అన్నాడు. రొయ్యలాయన పౌండు ఎంత నడుస్తోందని అడగబోయేలోపు షిఫ్టుకి టైమైందని పెట్టేశాడు.